బుట్ట బండి మీద కన్ను

కరెంటు కంపెనీలో కొమ్మలు కొట్టే ముఠా ఒకటి ఉండేది. ఆ ముఠాలో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. డ్రైవరు దగ్గర్నుంచి లైన్ ఇన్‌స్పెక్టరు దాకా అందరికీ అతను పెద్దల్లుడే. ఒకసారి వాళ్ళ అత్తగారు ఏదో పని మీద ఆఫీసుకి వచ్చి, గేటు దగ్గర నిలబడి, "మా పెద్దల్లుడూ చిన్నల్లుడూ ఇక్కడే పనిచేస్తారు బాబూ, కాస్త పిలుస్తావా?" అని అడిగింది. అడిగింది డ్రైవర్ని. అతని నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఆ పిలుపు ఆఫీసంతా పాకిపోయింది.

అతనికి ఆ పిలుపు మీద కోపమేమీ రాలేదు. పైగా లోలోపల నచ్చింది కూడా. అందులో 'పెద్ద' అన్న మాట ఉంది. తోడల్లుణ్ణి చిన్నల్లుడని పిలిచినప్పుడల్లా ఎవరు ముందో, ఎవరు వెనకో జనమే చెప్పినట్టుండేది.

అతని తండ్రి కలప అడితీలో దుంగలు చీల్చేవాడు. రంపం చప్పుడు వింటూ పెరిగాడు. మీసాలు రాకముందే చెట్లెక్కడం వచ్చింది. వచ్చాక ఇక అదే లోకం అయిపోయింది. నేల మీద అతను మాటకారి కాడు, నడకలో కాస్త ఒకవైపుకి ఒరుగుతాడు, నలుగురిలో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నడుముకి బెల్టు బిగించి, తాడు పైకొమ్మ పంగలోంచి వేసుకుని, చేతిరంపం వెనక్కి వేలాడేసుకున్నాడంటే మాత్రం వేరే మనిషి. ఏ కొమ్మ బరువు మోస్తుందో, ఏది పైకి పచ్చగా ఉండి లోపల గుల్లగా ఉందో అరికాలికే తెలిసిపోయేది. ముందు కొమ్మ కింద ఒక గాటు పెట్టేవాడు, ఆ తర్వాతే పైనుంచి కోసేవాడు. అలా కోస్తే బెరడు చీలకుండా కొమ్మ ఒద్దికగా ఊడి వచ్చేది.

అయితే ఆ ఒద్దిక ఇళ్ళవాళ్ళకి కనిపించేది కాదు. వాళ్ళకి కనిపించేది కోత ఒక్కటే. తీగలు చెట్టు మధ్యలోంచి పోతుంటే అటూ ఇటూ కొమ్మలు ఉంచి మధ్యలో తీసేయాలి. పని అయ్యాక చెట్టుకి పాపిడి తీసినట్టుంటుంది. అది చూసి ఆడవాళ్ళు లబోదిబోమనేవాళ్ళు, మగవాళ్ళు ఆఫీసుకి ఫోన్లు చేసేవాళ్ళు. పెద్దల్లుడు ఎవరికీ సర్ది చెప్పేవాడు కాదు. "కరెంటు కావాలా, కొమ్మ కావాలా?" అని ఒకే ఒక్క మాట పైనుంచి విసిరేవాడు. అందుకని అతను వీధిలోకి వస్తున్నాడంటే జనం మొహాలు ముడుచుకునేవాళ్ళు. దానికి అతను అలవాటు పడిపోయాడు. పనే అంత, ఎవరు చేసినా అంతే అనుకునేవాడు.

ఎవరు చేసినా అంతే కాదని చిన్నల్లుడు వచ్చాక తెలిసింది.

చిన్నల్లుడు అంతకు ముందు బట్టల కొట్లో పనిచేసేవాడు. ఆ కొట్టు మూతపడింది. మరదలు వచ్చి అక్క దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రాత్రి పెద్దల్లుడి భార్య అన్నం వడ్డిస్తూ, "మీ ముఠాలో ఒక మనిషి తక్కువున్నాడన్నారుగా. మా మరిదిగారి కోసం ఇన్‌స్పెక్టరు గారిని ఒక్క మాట అడగకూడదూ?" అంది. పెద్దల్లుడు అడిగాడు, ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు చిన్నల్లుడికి తాడు ముడి వేయడం నేర్పింది కూడా అతనే. అతను తమ్ముడూ అని పిలిచే ఆ తోడల్లుడు ముడి వేస్తే అది లాగగానే ఊడిపోయేది. ముఠా అంతా నవ్వేది. పెద్దల్లుడు మాత్రం నవ్వకుండా, చెయ్యి పట్టుకుని మళ్ళీ మళ్ళీ వేయించేవాడు. ఆ రోజుల్లో అతనికి తమ్ముడంటే ప్రాణం. ఎంతైనా తనకంటే తక్కువ తెలిసినవాడు కదా.

చిన్నల్లుడికి చెట్టెక్కడం ఎప్పటికీ పట్టుబడలేదు. పైకి చూస్తేనే తల తిరిగేది. అయితే కింద నిలబడి ఇళ్ళవాళ్ళతో మాట్లాడడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. చీరలు పరిచి చూపించిన చేతులు కదా! "అమ్మా, ఇలా రండి. ఇక్కడ నిలబడి చూడండి. ఈ కొమ్మ తీస్తే మీ కిటికీకి వెలుతురొస్తుంది. ఆ పక్కది ఉంచేద్దాం, నీడకి పనికొస్తుంది. బాగుందా? మీరు సరేనంటేనే రంపం పెడతాం," అనేవాడు. పెద్దల్లుడు ఎలాగూ కోయబోయేది ఆ కొమ్మనే. అయినా తిట్టాల్సినవాళ్ళు తల ఊపేవాళ్ళు. చల్లటి నీళ్ళు తెచ్చి ముందు చిన్నల్లుడికే ఇచ్చేవాళ్ళు. చెట్టు మీద చెమటలు కక్కుతున్నవాణ్ణి ఎవరూ చూసేవాళ్ళు కాదు.

పెద్దల్లుడు పైనుంచి ఆ గ్లాసుని చూసేవాడు. నీళ్ళదేముంది, తన సీసాలో తనకున్నాయి. అయినా కడుపులో ఎక్కడో చిన్న మంట మొదలైంది.

అలాంటి రోజుల్లో కంపెనీ బుట్ట బండి కొన్నది. లారీ మీద పొడుగాటి ఇనప చెయ్యి, దాని చివర మనిషి నిలబడే బుట్ట. మీట నొక్కితే బుట్ట పైకి లేస్తుంది, అటూ ఇటూ తిరుగుతుంది. ఆ బండి ఆఫీసు ఆవరణలోకి వచ్చిన రోజు అకౌంట్సు వాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు. అది ఎవరి చేతికి ఇస్తారన్నదాని మీద పెద్దల్లుడికి అనుమానమే లేదు. పైకెక్కే పని తనది కాబట్టి పైకెక్కే బండి కూడా తనదే. ఇంటికెళ్ళి భార్యతో అదే చెప్పాడు. ఆమె వాళ్ళమ్మకి చెప్పింది. అత్తగారు పక్కింటావిడకి చెప్పింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు అందరినీ నిలబెట్టి, "బుట్టలోకి చిన్నల్లుడు," అన్నాడు.

పెద్దల్లుడు కదల్లేదు. అందరూ వెళ్ళాక ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"నేనేం తప్పు చేశాను సార్?"

"తప్పేమిటయ్యా? నువ్వు చెట్టెక్కగలవు, అతనెక్కలేడు. ఎక్కగలిగినవాణ్ణి తీసుకెళ్ళి బుట్టలో నిలబెడితే నాకేం లాభం? బండి దూరని సందులన్నీ నీవే. ఆ పని ఇంకెవరి వల్లా కాదు."

అది మెచ్చుకోలే. ఆ మాట ఇంకెవరి గురించైనా విని ఉంటే పెద్దల్లుడికీ అలాగే అనిపించేది. అతనికి మాత్రం రాజవీధి తమ్ముడికి, మురిక్కాలవ సందు తనకి అని పంచి పెట్టినట్టు వినిపించింది.

అప్పట్నుంచి అతనికి నిద్ర సరిగా పట్టేది కాదు. ఇళ్ళ వెనక సందుల్లో, చెత్తకుండీల మధ్య, ఎవరూ చూడని చెట్ల మీద వేలాడుతుంటే పెద్దరోడ్డు మీంచి బుట్ట బండి మోటారు చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుకి చెయ్యి తప్పి ఒకసారి రంపం తన బెల్టుకే తగిలింది. పిల్లలు బండి వెంట పరిగెత్తేవాళ్ళు. మేడల మీంచి మనుషులు చిన్నల్లుడికి చెయ్యూపేవాళ్ళు. కంపెనీ క్యాలెండరు మీద బుట్ట బండి బొమ్మ వేశారు. బొమ్మలో తమ్ముడు పసుపు టోపీ పెట్టుకుని పళ్ళు కనపడేలా నవ్వుతున్నాడు. అత్తగారు ఆ క్యాలెండరు తెచ్చి వాకిట్లోకి రాగానే కనపడేలా తగిలించింది. పెద్దల్లుడు ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఒక ఆదివారం అందరూ అక్కడే భోజనానికి కూర్చున్నారు. చిన్నల్లుడు బుట్టలోంచి కనిపించే వింతలు చెబుతున్నాడు. మేడ మీద ఆరేసిన దుప్పటి వెనక దాక్కుని సిగరెట్టు కాల్చే ముసలాయన కథ చెబితే అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దల్లుడి భార్య కూడా పగలబడి నవ్వింది. పెద్దల్లుడికి ఒళ్ళు మండింది.

"బుట్టలో నిలబడ్డం కూడా పనేనా? వంకాయలు కూడా బుట్టలోనే ఉంటాయి," అన్నాడు.

అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది చిన్నల్లుడు. "నిజమే అన్నయ్యా! వంకాయలకైతే తిట్లు కూడా పడవు," అన్నాడు. దెబ్బ తగలాల్సినవాడు అలా హాయిగా నవ్వేసరికి పెద్దల్లుడు సగం అన్నం వదిలేసి లేచాడు. ఇంటికి తిరిగొస్తుంటే దారిలో భార్య, "ఎందుకండీ ఆ పుల్లవిరుపు మాటలు? పాపం, ఆయన మిమ్మల్ని అన్నయ్యా అన్నయ్యా అని నెత్తిన పెట్టుకుంటుంటే!" అంది. ఆమె ఎవరి పక్షమో తేలిపోయిందనుకున్నాడు.

పెద్దరోడ్డు మీద ఒక టీచరమ్మ ఇల్లుంది. పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒంటరిగా ఉంటుంది. ఆమె గోడ పక్కన నిద్రగన్నేరు చెట్టు రోడ్డంతా నీడ పరిచి ఉండేది. ఏటా పెద్దల్లుడు అక్కడికి వెళ్ళడం, ఆమె కుర్చీ తెచ్చుకుని చెట్టు కింద బైఠాయించడం, ఇద్దరూ నానా మాటలూ అనుకోవడం, చివరికి అతను ఏవో నాలుగు రెమ్మలు కొట్టి రావడం మామూలే. మిగతా కొమ్మలు ఏడాదికేడాది తీగల మీదికి ఒరుగుతూ వచ్చాయి.

ఆ వేసవి చివర్లో పెద్దల్లుడు పక్కసందులో పని ముగించుకుని తాడు చుట్టుకుంటుంటే టీచరమ్మ గేటు దగ్గర్నుంచి చప్పట్లు కొట్టి పిలిచింది. ఆమె మొహంలో నవ్వు చూడడం అతనికి అదే మొదటిసారి.

"మీ తమ్ముడు వచ్చాడయ్యా నిన్న. కుర్చీ వేసుకుని కూర్చుని చెట్టు గురించి ఎంతసేపు మాట్లాడాడో! ఏ కొమ్మ తీస్తాడో, ఏది ఉంచుతాడో సుద్దతో గుర్తులు పెట్టి మరీ చూపించాడు. ఆయన కోస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. ఇన్నేళ్ళూ నువ్వొచ్చి నా మీద అరిచావు గానీ, ఇలా మంచిగా ఒక్క మాట చెప్పావా?"

పెద్దల్లుడు చెట్టు వైపు చూశాడు. సుద్ద గుర్తులు సరిగ్గా ఉన్నాయి. తనే పెట్టి ఉంటే అక్కడే పెట్టేవాడు. ఆ సంగతి తమ్ముడికి నేర్పింది తనే. అది గుర్తొచ్చేసరికి లోపల ఏదో పుండు రేగినట్టయింది. ఏం మాట్లాడుతున్నాడో తనకే తెలియకుండా మాట వచ్చేసింది.

"కోయించుకోండి టీచరమ్మగారూ. మీ చెట్టు, మీ ఇష్టం. బుట్టలోంచి కోసే కోత వేరు. చెయ్యి తగలదు, మిషను తగులుతుంది. ఆ బండి వచ్చాక కోసినవాటిలో ఎన్ని నిలువునా ఎండిపోతున్నాయో... నాకెందుకులెండి. మావాడి గురించి నేను చెప్పకూడదు."

టీచరమ్మ మొహం పాలిపోయింది. ఇంకెవరు చెప్పినా నమ్మేది కాదేమో. ఇన్నేళ్ళూ తన చెట్టుని కొట్టేయడానికే వచ్చిన మనిషి, అందులోనూ కోసేవాడి సొంత తోడల్లుడు, నోరు జారినట్టు చెప్పాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

బుట్ట బండి వచ్చిన రోజున ఆమె ఒక్కతే కాదు, వీధి సగం రోడ్డు మీదే ఉంది. చిన్నల్లుడు దిగి ఎంత బతిమాలినా ఎవరూ వినలేదు. "నీ తీపి మాటలు మాకొద్దు. చెట్లని చంపే బండిని మా వీధిలోకి తేవద్దు," అన్నారు. బండి వెనక్కి తిరిగింది. వాళ్ళు అంతటితో ఊరుకోలేదు. పది మంది కలిసి ఆఫీసుకి వెళ్ళి పైవాళ్ళ దగ్గర గొడవ చేశారు. పైవాళ్ళు ఇన్‌స్పెక్టర్ని పిలిచి చివాట్లు పెట్టారు.

ఆ సాయంత్రం సామాన్ల గదిలో చిన్నల్లుడు టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "నేనేం చేశాను అన్నయ్యా? ముందురోజు దాకా ఆవిడ బాగానే మాట్లాడింది," అన్నాడు.

"జనమంతే," అన్నాడు పెద్దల్లుడు. అతని గొంతు మామూలుగానే ఉంది. ఆ రాత్రి చాన్నాళ్ళకి ఆకలేసింది, మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు. పడుకోగానే నిద్ర పట్టింది.

వారం తిరక్కుండానే ఇన్‌స్పెక్టరు చిన్నల్లుణ్ణి బుట్టలోంచి దింపి తాళ్ళు పట్టే పనిలో వేశాడు. జనం చల్లబడేదాకా బండి పెద్దల్లుడికి అప్పజెప్పాడు.

కోరుకున్నదే చేతికొచ్చింది. పసుపు టోపీ పెట్టుకుని బుట్టలోకి ఎక్కాడు, మీట నొక్కాడు. నేల కిందికి జారిపోయింది. మొదటిరోజే అతనికి అర్థమైంది, ఇది తన పని కాదని. కాళ్ళ కింద బెరడు లేదు, ఇనప పలక ఉంది. అది సన్నగా వణుకుతూ ఉంటుంది. కొమ్మ బరువు ఎటు ఉందో అరికాలికి తెలియదు. చెట్టుని పట్టుకోకుండా చెట్టుని కోయడం ఎవరితోనో గోడ అవతల్నుంచి మాట్లాడినట్టుంది. పోనీ, చూసేవాళ్ళైనా ఉన్నారా అంటే, పిల్లలు బండి వెంట పరిగెత్తుకొచ్చి, పైకి చూసి, "నవ్వే అంకుల్ కాదురా!" అనుకుని వెళ్ళిపోయారు. మేడల మీంచి ఎవరూ చెయ్యూపలేదు. అతను మాత్రం ఊపాడా? అతనికి ఊపడం రాదు.

దాంతో అతని ఓర్వలేనితనం ఇంకా పెరిగింది. తమ్ముణ్ణి బుట్టలోంచి దించగలిగాడు గానీ, ఆ బుట్టలో వాడికున్న సంతోషం మాత్రం తన చేతికి రాలేదు. దాన్ని వాడు దిగేటప్పుడు వెంట తీసుకుపోయినట్టుంది. కింద తాళ్ళు చుడుతూ కూడా ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న చిన్నల్లుణ్ణి చూస్తే బుట్టలోంచి దూకాలనిపించేది.

టీచరమ్మ వీధి మిగిలిపోయింది. వానలు మొదలవకముందే అక్కడ కొమ్మలు తీయాలని ఇన్‌స్పెక్టరు తొందరపెట్టాడు. పెద్దల్లుడు బుట్ట బండి వేసుకుని వెళ్ళాడు. టీచరమ్మ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"నువ్వేనా వచ్చింది? ఈ బండితో కోస్తే చెట్టు ఎండిపోతుందని నువ్వే కదయ్యా చెప్పావు?"

డ్రైవరు వింటున్నాడేమోనని వెనక్కి చూశాడు. ఆ రోజు అదృష్టం కొద్దీ డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడు.

"నేను చూసి కోస్తాలెండి..."

"బండి బండే, ఎవరు నిలబడితే ఏమిటి? పో, పో."

అబద్ధమని చెబితే బండి లోపలికి వెళ్తుంది, తన బతుకు బయటపడుతుంది. పెద్దల్లుడు నీళ్ళు నమిలి వెనక్కొచ్చి, "ఒప్పుకోవడం లేదు సార్," అని ఇన్‌స్పెక్టరుతో చెప్పాడు. తాడుతో ఎక్కుతానని అడగవచ్చు. అడిగితే, బుట్ట వదిలేస్తావా అంటారేమో! అది తనకి నచ్చకపోయినా తమ్ముడికి మళ్ళీ దక్కడం అంతకంటే నచ్చలేదు. అలా ఆ కొమ్మలు అలాగే ఉండిపోయాయి.

గాలివాన ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆకాశం నల్లబడి, రోడ్డు మీద దుమ్ము సుడులు తిరిగి, చూస్తుండగానే నాలుగు వీధుల్లో కరెంటు పోయింది. ఫోను వచ్చేసరికి ముఠా అంతా ఆఫీసులోనే ఉంది. నిద్రగన్నేరు పెద్దకొమ్మ ఒకటి విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది. ఇంకోటి సగం చీలి, ఊడిపోకుండా, తీగల్ని లాక్కుంటూ టీచరమ్మ ఇంటి గుమ్మం మీద వేలాడుతోంది. తెగిన తీగ ఆమె ఇనప గేటు మీద పడి ఉంది. ఆమె మేడ మీద గదిలో ఉండిపోయింది. లైన్‌మన్లు ముందే సరఫరా ఆపించి, తీగల్లో కరెంటు మిగలకుండా వాటికి ఎర్తు తగిలించారు. ఇంకా ఆ వేలాడే కొమ్మ ఉంది. అది ఎప్పుడు ఊడిపడుతుందో తెలియదు, దాని కిందనుంచి ఆమె బయటికి రాలేదు. బుట్ట బండి వీధి మొదట్లోనే ఆగిపోయింది, రోడ్డు మీద పడ్డ కొమ్మని దాటే దారి లేదు.

"పెద్దల్లుడూ, ఎక్కాల్సిందే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తాడు ఎవరు పడతారు?"

"నేను పడతా," అన్నాడు చిన్నల్లుడు.

తడిసిన చెట్టు సబ్బు రాసినట్టుంది. పెద్దల్లుడు మొదలు చుట్టూ చేతులు వేసి, మోకాళ్ళు బిగించి ఎక్కాడు. అంతటి గాలిలోనూ, కాళ్ళ కింద బెరడు తగిలేసరికి అతనికి ఎన్నో నెలల తర్వాత ఊపిరాడింది. చీలిన కొమ్మకి పైన ఉన్న పంగలోంచి తాడు వేసుకున్నాడు. రెండో కొస కింద మొదలుకి చుట్టి చిన్నల్లుడు పట్టుకున్నాడు. కొసనుంచి కొద్దికొద్దిగా కోసుకుంటూ, కోసిన ముక్కని వేరే తాడుతో దింపుతూ, అతను గాల్లోకి వేలాడుతూ చీలిక వైపు జరిగాడు. ఇక అతని బరువంతా ఆ తాడు మీదే ఉంది.

ఇన్‌స్పెక్టరూ మిగతా ముఠా వీధి మొదట్లో జనాన్ని ఆపుతుండగా మేడ మీద కిటికీ తెరుచుకుంది. టీచరమ్మ ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. కింద తాడు పట్టుకున్న మనిషిని ఆమె పోల్చుకుంది.

"నాయనా, నువ్వు గుర్తులు పెట్టిన కొమ్మే విరిగిందయ్యా! ఆ రోజే నీ చేత కోయించి ఉంటే ఇంత జరిగేదా? మీ అన్నే కదా, నువ్వు కోస్తే చెట్టు నిలువునా ఎండిపోతుందన్నాడు! సొంతవాడే చెప్పాడు గదా అని నమ్మి, వీధినంతా నీ మీదికి ఎగదోశానయ్యా!"

గాలి హోరులో కూడా ఒక్కొక్క మాటా స్పష్టంగా వినిపించింది. పెద్దల్లుడి రంపం ఆగిపోయింది. కిందికి చూడలేదు, చూడడానికి ధైర్యం చాలలేదు. అతనికి తాడు తప్ప ఇంకేదీ తెలియలేదు. నడుము దగ్గర బెల్టుని పట్టుకున్న తాడు, పైన పంగ మీదుగా వెళ్ళి, కింద ఆ చేతుల్లో ముగుస్తోంది. ఆ చేతులు కాస్త వదులైతే చాలు. వర్షం, తడి, చెయ్యి జారింది అంటే ఎవరు కాదంటారు? తనైతే ఏం చేసేవాడు? ఆ ప్రశ్నకి జవాబు తన లోపల్నుంచి వచ్చిన తీరుకే అతనికి ఎక్కువ భయమేసింది.

తాడు సడలలేదు.

కాసేపటికి కిందనుంచి చిన్నల్లుడి గొంతు వచ్చింది. బట్టల కొట్టు నాటి తీపి అందులో లేదు. "ఎడమ కాలు దించు అన్నయ్యా. కింద మోడు ఉంది, ఆనించుకో. పట్టుకునే ఉన్నాను."

పెద్దల్లుడు కాలు ఆనించుకున్నాడు. కింద గాటు పెట్టాడు, పైనుంచి కోశాడు. కొమ్మ గుమ్మం పక్కకి ఒరిగి మెల్లగా నేలకి దిగింది. టీచరమ్మని గుమ్మంలోంచి బయటికి తీసుకొచ్చారు. వీధి జనం గొడుగుల కింద నిలబడి పెద్దల్లుడికి చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి అతనికి ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు. అతను తాగలేకపోయాడు. చిన్నల్లుడు తాడు చుట్టి భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా, అప్పటికే బండి వైపు నడిచిపోతున్నాడు.

మర్నాడు సామాన్ల గదిలో తడి తాళ్ళు ఆరేస్తూ ఇద్దరే ఉన్నారు.

"తమ్ముడూ, అది..." అని పెద్దల్లుడు మొదలుపెట్టాడు.

"ఎందుకన్నావో అడగను అన్నయ్యా. నాకు తెలుసు. నాకు పట్టింపు లేనట్టు నవ్వాను గానీ, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి," అన్నాడు చిన్నల్లుడు. తాడు చిక్కు విప్పుతూ ఉన్నాడు, తలెత్తలేదు. "ఒక్కటి చెప్పు. ఆవిడ అరిచాక పైన నీ రంపం ఆగిపోయింది. నేను తాడు వదిలేస్తాననుకున్నావు కదూ?"

పెద్దల్లుడు అబద్ధం చెప్పాలని చూశాడు. చివరికి తల ఊపాడు.

"ఆవిడతో అన్న మాట కంటే అదే నాకు కష్టంగా ఉంది," అని చిన్నల్లుడు గదిలోంచి బయటికి వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు ఆ తాళ్ళ మధ్య కాసేపు నిలబడ్డాడు. చిత్రం ఏమిటంటే, ఆ క్షణంలో కూడా అతనికి అసూయే కలిగింది. తాడు పట్టుకుని నిలబడగలిగినందుకు, ఇంత జరిగినా గొంతు పెంచనందుకు, ఇప్పుడు తలెత్తుకుని ఆ గుమ్మం దాటి వెళ్ళగలిగినందుకు. బండైతే లాక్కోవచ్చు. దీన్ని ఎక్కడినుంచి లాక్కుంటాడు?

అతను నేరుగా ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మొదట నమ్మలేదు, తర్వాత బల్ల గుద్దాడు. "ఆ ముసలావిడ మీద పడి ఉంటే ఏమయ్యేది? ఇదేం బుద్ధయ్యా నీకు?" అని కేకలు వేశాడు. బుట్ట బండి ఆ రోజే చిన్నల్లుడికి తిరిగిచ్చాడు. పెద్దల్లుణ్ణి చెట్ల మీదనుంచి కూడా దింపేసి, కొమ్మల్ని పొట్టు చేసే మిషను దగ్గర వేశాడు. చెట్టు దిగడమే అతనికి అసలైన శిక్ష. ఆ మాట అతను ఎవరికీ చెప్పుకోలేదు.

టీచరమ్మ ఇంటికి కూడా వెళ్ళాడు. ఆమె గేటు తీయకుండానే చెప్పిందంతా విని, "నువ్వు నాతో పోట్లాడినన్నాళ్ళూ నిన్ను పెడసరం మనిషివనుకున్నాను. నిజాయితీపరుడివి అనుకున్నాను కూడా," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో సంగతి ఇక చెప్పక్కర్లేదు. "నా చెల్లెలి కడుపు మీద కొట్టారా?" అంది భార్య. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో ఆమె బట్టలు కుట్టే మిషను చప్పుడు తప్ప మాట లేదు. చిన్నల్లుడు మాత్రం తన భార్యకి ఏమీ చెప్పలేదట. అక్క వెళ్ళి చెబితేనే తెలిసిందట. అది విని పెద్దల్లుడు పక్కకి తిరిగి పడుకున్నాడు. వాడు ఇందులో కూడా తనకంటే పై మెట్టునే ఉన్నాడు.

రెండేళ్ళ తర్వాత ఇన్‌స్పెక్టరు అతణ్ణి మళ్ళీ సందుల్లో చెట్లెక్కనిచ్చాడు. అప్పటికి తోడల్లుళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మునుపటిలా కాదు. పని మాటలు, పిల్లల చదువుల మాటలు, అత్తగారి మోకాళ్ళ మాటలు. 'అన్నయ్యా' అన్న పిలుపు అలాగే ఉంది. ఆ పిలుపుకి ముందు ఒక చిన్న విరామం వచ్చి చేరింది, అంతే. ఆ విరామం ఎప్పటికైనా పోతుందేమోనని పెద్దల్లుడు ఇప్పటికీ వింటూ ఉంటాడు.

ఈమధ్య ఒకరోజు అతను కొత్త కాలనీలో పని చూసుకుని వస్తుంటే, కొత్తగా దిగిన ఒకావిడ తన ఇంటి ముందున్న మామిడిచెట్టు చూపించి, "ఎవరండీ దీన్ని ఇంత ముచ్చటగా కోసింది? తీగలకీ తగలడం లేదు, చెట్టుకీ వెలితి లేదు," అని అడిగింది. పెద్దల్లుడు తలెత్తి చూశాడు. గాట్లు నున్నగా, ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఒక్క వంక పెట్టడానికి వీల్లేదు. వెతికాడు కూడా.

"మా తమ్ముడండీ. బుట్ట బండి ఆయనదే. అంత బాగా ఎవరూ కోయలేరు," అన్నాడు.

ఆ మాట అనడానికి ఎంత కష్టమైందో అతనికే తెలుసు. అన్నాక తేలిగ్గా ఉంటుందనుకున్నాడు గానీ, అదీ లేదు. ఇంటికెళ్ళేదాకా కడుపులో మంట మండుతూనే ఉంది. భార్య మొహం చూసి, "ఏమైందండీ, అలా ఉన్నారు?" అంది.

"ఏం లేదు. ఒక గ్లాసు మజ్జిగుంటే ఇవ్వు," అన్నాడు.